ఒలవకుండా ఇచ్చే పొత్తు

సులువు అన్న మాట వింటేనే నాకు డోకొస్తుంది. ఎవరైనా నా బండి ముందు నిలబడి "ఎందుకక్కా ఇంత కష్టం, దీనికో సులువైన పద్ధతుంది" అంటే చాలు, చేతిలో ఉన్న పొత్తు వాళ్ల నెత్తిన వేయాలనిపిస్తుంది. వేయను లెండి, బేరం పోతుంది. కానీ ఆ వానాకాలం నుంచి ఆ వెగటు నాలో ఉండిపోయింది, ఏం చేసినా పోవడం లేదు.

బస్టాండు గేటు పక్కన మాది మొక్కజొన్న పొత్తుల బండి. మా అత్తగారు పెట్టింది. ఓ బొగ్గుల కుంపటి, ఓ పెద్ద గుండిగ, పైన గాలికి తిరగబడే గొడుగు. ఆవిడ పద్ధతి ఒకటే. పచ్చి పొత్తుని కొనేవాడి ముందు ఒలిచి చూపించాలి. చూసి సరే అన్నాకే అది నీళ్లలోకో నిప్పుల మీదకో పోవాలి. "కడుపులోకి పోయేది కళ్లతో చూసుకోవాలి" అనేది ఆవిడ. పెళ్లయి వచ్చిన కొత్తల్లో ఈ పని నాకు ఆవిడే నేర్పింది. కొసన వేలితో నొక్కితే నిండుగా తగలాలి. పీచు గోధుమరంగులో కాస్త జిగురుగా ఉండాలి, ఎండి పొడిపొడి అయితే ముదురు. కొస దగ్గర ఆకుల్ని రెండు పాయలు చేసి, పీచుతో సహా పట్టుకుని ఒక్క లాగు ఇటు, ఒక్క లాగు అటు. తొడిమ దగ్గర టపుక్కున విరిచేయాలి. మిగిలిన పీచు పోవడానికి తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి. ఉడికించే నీళ్లలో ఉప్పు వేయకూడదు, గింజ తోలు గట్టిపడుతుంది. ఉప్పు తర్వాత, తినేటప్పుడు.

ఇక మా ఆయన. బస్టాండులో అందరూ ఆయన్ని ఉపాయం అని పిలుస్తారు. ఒళ్లు వంచకుండా పని జరిగే దారి ఎక్కడుందా అని వెతకడమే ఆయన వృత్తి. కుంపటి విసరడానికి విసనకర్రకి తాడు కట్టి కాలి బొటనవేలికి తగిలించుకున్న మనిషి. అది తెగి నిప్పుల్లో పడితే, దాన్ని తీయడానికి మళ్లీ నేనే.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో రేడియో వార్త మోసుకొచ్చాడు. రేడియో అంటే సామాన్లు మోసే అన్న. సామాన్లు తక్కువ, వార్తలు ఎక్కువ మోస్తాడని ఆ పేరు.

"వదినా, లోపల ప్లాట్‌ఫారం పక్కన కొట్టుగది ఖాళీ అయింది. వానలు తగ్గాక ఎవరికిచ్చేదీ బస్టాండు మేనేజరు గారే తేలుస్తారట. జనం బాగా ఆగే బండికే అన్నారు."

ఆ గది నాకు తెలుసు. పైకప్పు ఉంది, తలుపు ఉంది, అన్నిటికంటే ముఖ్యం లోపల కుళాయి ఉంది. ఎన్నేళ్లుగానో బిందెలు మోసి మోసి నా నడుం ఏ పక్కకి తిరగాలో మర్చిపోయింది. వాన పడితే అత్తగారి మోకాళ్లు గుమ్మడికాయల్లా ఉబ్బేవి, అయినా ఆ తడి పీట మీదే కూర్చుని ఒలిచేది. నాకు నగలొద్దు, మేడలొద్దు. ఆ కుళాయి కావాలి, అత్తగారి తలమీద ఓ కప్పు కావాలి. ఆ మాట ఆ సాయంత్రం మా ఆయనతో పైకే అన్నాను.

"నాకు వదిలెయ్. ఉపాయం ఉంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. పెళ్లయ్యాక ఆయన్ని పొయ్యి దగ్గర చూడడం అదే మొదలు. ఒలవని పొత్తుని ఆకులతోనే కుక్కరులో ఉడికించాడు. బయటికి తీసి, గుడ్డతో పట్టుకుని, తొడిమ వైపు మొదటి వరస గింజలు కూడా తెగేలా అడ్డంగా చాకుతో ఒక్క కోత కోశాడు. కొస పట్టుకుని వేలాడదీసి రెండుసార్లు విదిలించాడు. లోపలి పొత్తు సర్రున జారి పళ్లెంలో పడింది. ఒక్క పీచు పోగు లేదు. తుడిచినట్టుంది.

"అబ్బో!" అన్నాను. అబద్ధమెందుకు, మంచి పనే అది. తిన్నాను కూడా. ఆకుల ఆవిరిలో ఉడికిందేమో, మామూలుదానికంటే తియ్యగా ఉంది.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఫోన్లో చూశా. ఇక నువ్వు గోళ్లు అరగదీసుకోనక్కర్లేదు. అమ్మ కూర్చుని వేడుక చూడొచ్చు."

అత్తగారు మాత్రం పొత్తుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగానే ఉందిరా. మరి ఉడకబెట్టేముందు లోపల ఏముందో కొనేవాడికి ఎలా తెలుస్తుంది?"

"తినేటప్పుడు తెలుస్తుంది" అన్నాడాయన. మేమిద్దరం నవ్వాం.

ఉపాయం పారింది. బస్సు హారన్ కొడుతుంటే ఒలిచి చూపించే దాకా ఎవడు ఆగుతాడు? ఆయన చేతిలో అయితే కోత, విదిలింపు, ఇదిగో పట్టుకో. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. పెద్దవాళ్లు "మళ్లీ చెయ్ మళ్లీ చెయ్" అని ఫోన్లు పైకెత్తేవాళ్లు. మనిషి తెల్ల చొక్కా తొడగడం, జుట్టు దువ్వడం మొదలుపెట్టాడు. విదిలించే ముందు చెయ్యి పైకెత్తి ఒక్క క్షణం ఆగడం కూడా నేర్చాడు. గొడుగు కింద నుంచి గేటు దాకా వరస నిలబడేది.

నేను ఓ పక్క ఇంకా ఒలుస్తూంటే విసుక్కునేవాడు. "ఆపవే నీ ఒలుపుడు. దాన్ని చూసి మిగతావాళ్లు కూడా ఒలిచి చూపించమంటారు."

"అడిగితే తప్పేంటి?"

"వరస ఆగిపోతుంది."

అప్పటికి నాకు అది నిజమే అనిపించింది. గుండిగ కింద బొగ్గులు ఎగదోస్తూ ఊరుకున్నాను.

వానలు ముదిరాక వాసన మొదలైంది. మొదట గుండిగ నీళ్లేమో అనుకుని పారబోసి తోమాను. పోలేదు. తడి గోనెలేమో అనుకున్నాను. అదీ కాదు. పుల్లగా, నానిన గడ్డి కుళ్లినట్టు, ఆవిరితో పాటు లేచి ముక్కులో కూర్చునేది. అన్నం కలుపుకుంటే చేతికి అదే. తలంటుకున్నా జుట్టులో అదే.

ఒక మధ్యాహ్నం జోరుగా వాన కురిసి బస్సులు ఆలస్యమైతే, మిగిలిన గోనె ఇంటికి తెచ్చాం. మా ఆయన అరుగు మీద కూర్చుని చొక్కా ఆరబెట్టుకుంటున్నాడు. నేను వంటింట్లో గోనె విప్పి, ఊరికే ఓ పొత్తు తీసి, చేతులకి అలవాటైన పనే కదా, ఇటో లాగు అటో లాగు లాగాను.

ఛీ! ఇప్పుడు చెబుతుంటే కూడా ఒళ్లు జలదరిస్తుంది. పీచంతా నల్లగా, చీమిడిలా అంటుకుపోయి ఉంది. కొస దగ్గర గింజలు లేవు, వాటి చోట తడి రంపప్పొట్టులాంటి పురుగు పెంట. దాని మధ్యలో చిటికెన వేలంత లావు పురుగు తల తిప్పుతోంది. ఇంకోటి ఒలిచాను. బూజు. ఇంకోటి. పురుగు లేదు గానీ పురుగు తిరిగిన దారి ఉంది. గోనె సగం దాకా ఒలిచేసరికి మంచివనదగ్గవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా రాలేదు. నా వేళ్ల సందుల్లో జిగురు. పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నాను.

చేతులు కూడా కడుక్కోకుండా ఆయన ముందు నిలబడ్డాను.

"ఏంటివి?"

చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"టోకు వ్యాపారి దగ్గర ఎంచగా మిగిలిన సరుకు. వేరేవాళ్లు ఒలిచి అమ్మాలి కాబట్టి తీసుకోరు. మనకా బెడద లేదుగా" అన్నాడు.

"పురుగులయ్యా ఇవి!"

"ఉడికాక పురుగేంటి, గింజేంటి? చూడు, కుళ్లు ఎక్కువ తొడిమ దగ్గరుంటే కోతలో పోతుంది. కొస వైపుంటే, నేను కొస పట్టుకునేగా విదిలిస్తా, సగం ఆకుల్లోనే ఉండిపోతుంది."

మనిషి దాన్ని కూడా ఆలోచించి పెట్టుకున్నాడు! ఇంత బుర్ర ఏనాడైనా బిందె మోయడానికి వాడాడా?

"మిగతా సగం?"

"పొత్తు చేతికిచ్చేసరికి బస్సు హారన్ కొడుతుంది. ఎక్కుతారు. కొరుకుతారు. ఆ లోపల బస్సు మలుపు తిరిగిపోతుంది. మొక్కజొన్న పొత్తు కోసం బస్సు దిగి వెనక్కొచ్చినవాణ్ణి ఎవణ్ణైనా చూశావా నువ్వు?"

చూడలేదు. నిజంగానే ఒక్కరూ వెనక్కి రాలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా ఇంటి పిల్లి కళ్లు తెరుచుకునే తాగింది, తాగేవేళకి ఎదుటివాళ్లు ఊళ్లో ఉండరని చూసుకుని మరీ తాగింది.

"గది వచ్చేదాకా ఓపిక పట్టు. వచ్చాక మంచి సరుకే తెద్దాం" అన్నాడు, నన్ను బుజ్జగిస్తున్నట్టు.

అత్తగారైనా చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆవిడ మంచం మీద మోకాళ్లకి వేడిగుడ్డ పెట్టుకుని ఉంది. ఒలిచిన పొత్తుల్లో ఒకటి తీసుకెళ్లి ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ వేలు కొస దాకా పోయి ఆగింది. చేతిని దుప్పటికి తుడుచుకుంది.

"గోనె మోసుకొచ్చిన రోజే తెలిసిందే నాకు, గింజ లేని ఆ తేలిక బరువు చూసి" అంది మెల్లగా.

"తెలిసి ఊరుకున్నారా అత్తయ్యా? కడుపులోకి పోయేది కళ్లతో చూడాలన్న మీరు?"

"ఈ వాన ఇంకో ఏడు నేను మోయలేనే, అమ్మాయ్. నా ఒళ్లు నాకు తెలుసు. ఆ గది వస్తే..."

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆ ఉబ్బిన మోకాళ్లు ఎదురుగా ఉంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? వెళ్లి చేతులు కడుక్కున్నాను. సబ్బు అరిగింది గానీ జిగురు పోయినట్టు అనిపించలేదు.

ఆ తర్వాత ఆయన విదిలించేటప్పుడు నేను ఇటు తిరిగి కూర్చునేదాన్ని. చప్పట్లు వినబడితే దవడలు బిగుసుకునేవి. నేను వేరే చోట కొన్న నాలుగు మంచి పొత్తులు ఓ మూల పెట్టుకుని, ఆగేవాళ్లకి ఒలిచి ఇచ్చేదాన్ని. ఎక్కువమంది ఆగలేదు. "పైన పటారం, లోన లొటారం" అని నేను గొణిగితే, "నోరు మూసుకో, గది పోతుంది" అనేవాడు. గది పోతుందన్నప్పుడల్లా నా నోరు మూసుకుపోయేది కూడా. ఆ కుళాయి మీద ఆశ నాకేం తక్కువ లేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మేనేజరు గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, వెనకాల రేడియో. మా ఆయన ఆ రోజుకని మంచి పొత్తులు తెచ్చి, మేలైనవి ఎంచి, వేరే బుట్టలో తడి తువ్వాలు కప్పి ఉంచాడు. గుండిగలో మాత్రం ఎప్పటి సరుకే. వరసలో ఉన్నవాళ్లకి అది చాలుగా.

మేనేజరు గారి ముందు చెయ్యి పైకెత్తి, ఆగి, విదిలించాడు. బంగారంలాంటి పొత్తు జారింది. జనం చప్పట్లు. ఆయన కూడా గొడుగు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టారు. నిలబడే తిన్నారు. "భలే! ఇలాంటిది కదయ్యా స్టేషన్‌కి కావాల్సింది!" అన్నారు. మా ఆయన మొహం వెలిగిపోయింది. అత్తగారు పీట మీద నుంచి లేచి నిలబడింది, ఆ మోకాళ్లతోనే.

మేనేజరు గారు చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగారు. "ఏమ్మా, ఇంటికి కూడా కట్టివ్వు. మా పిల్లలకి ప్రాణం ఇవంటే."

మా ఆయన కళ్లతో బుట్ట చూపించాడు. కళ్లే కాదు, గడ్డం కూడా అటే తిప్పాడు.

ఎందుకో వరస వైపు చూశాను. ఓ తల్లి చంటిదానికి గింజలు ఒలిచి నోట్లో పెడుతోంది. ఒక్కో గింజ ఊది ఊది పెడుతోంది.

నా చెయ్యి గుండిగలోకి పోయింది. గుడ్డతో పట్టి తీసిన పొత్తు వేడిగా ఉంది.

"ఒలిచి చూపించి ఇవ్వడం మా పద్ధతండీ" అన్నాను. కొస దగ్గర రెండు పాయలు చేశాను. ఇటో లాగు. అటో లాగు.

మేనేజరు గారి ముక్కు కిందకి కాస్త ముందుకి పట్టుకున్నానంతే. ఉడికిన పురుగు తెల్లగా, మెత్తగా, గింజల మధ్య వరసలో కూర్చుని ఉంది. వాసన దానంతటదే లేచింది.

మేనేజరు గారు అడుగు వెనక్కి వేశారు. వరసలో ఎవరో "థూ" అని ఉమ్మారు. చేతుల్లో సగం తిన్న పొత్తులున్నవాళ్లు వాటిని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. ఆ తల్లి చంటిదాని నోట్లో వేలు పెట్టి గింజలు తీస్తోంది. బస్సు హారన్ కొట్టింది. మొదటిసారి ఎవరూ కదల్లేదు.

"వానకి, సార్... ఎక్కడో ఒకటి..." అన్నాడు మా ఆయన.

మేనేజరు గారు జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు. అత్తగారు మళ్లీ పీట మీద కూర్చుంది. గది పోయిందని మా ముగ్గురికీ తెలిసింది. ఆ దుఃఖం నాకూ ఉంది. కానీ ఊపిరి మాత్రం నెలల తర్వాత తేలిగ్గా ఆడింది.

ఇంటికొచ్చాక ఆయన గిన్నెలు విసిరాడు. "కట్టుకున్నదానివా, పగదానివా?" అన్నాడు. నేను గిన్నెలు ఏరుకున్నాను, వాటికేం పాపం.

వారం తిరక్కుండా రేడియో పరిగెత్తుకొచ్చాడు. "వదినా! గది మీకే! ఉపాయానికే ఇచ్చారు!"

"ఏంటీ? ఆ పొత్తు చూశాక కూడానా?"

రేడియో నవ్వలేక నవ్వాడు. "నేనూ అదే అడిగా. ఆయన ఏమన్నారో తెలుసా? 'వరస చూశానయ్యా. జనం ఆగే కొట్టు కావాలి. పురుగుదేముంది, వానాకాలం. మా ఇంటికి మాత్రం పంపొద్దని చెప్పు' అన్నారు."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీదు. వెగటు మాత్రం బాగా గుర్తుంది, నాలిక మీద రాగి బిళ్ల పెట్టినట్టు. ఇన్నాళ్లూ నేను ఒక్క మనిషిని చూసి అసహ్యించుకున్నాను. దాచి అమ్మినవాడు, చూసి ఊరుకున్నవాడు ఇద్దరూ ఒక ముద్దే తింటున్నారని అప్పుడు తెలిసింది.

మా ఆయన గదిలోకి మారాడు. నేను మారలేదు. గేటు పక్కన ఆ బండి, ఆ గొడుగు నాకు వదిలేశాడు, వాటితో ఆయనకేం పని? ఇల్లు ఒకటే గానీ మా మధ్య మాట చచ్చిపోయింది. అత్తగారు పగలంతా లోపల కప్పు కింద, పొడి కుర్చీలో కూర్చునేది. వెళ్లమని నేనే చెప్పాను. నేను పాత పద్ధతిలో ఒలిచి చూపిస్తూ, రోజుకి అమ్ముడైనన్ని అమ్ముతూ, బిందెలు మోస్తూ ఉన్నాను. లోపల కుళాయి ధార చప్పుడు ఇక్కడికి వినబడుతుంది.

చివరి వానల్లో ఒక మధ్యాహ్నం అత్తగారు ఆ గదిలోంచి బయటికొచ్చింది. తల మీద తువ్వాలు వేసుకుని, గోడ పట్టుకుని, నీళ్లలో అడుగులో అడుగు వేసుకుంటూ నా బండి దాకా నడిచింది.

"ఏమైంది అత్తయ్యా? తడుస్తున్నారు!"

"ఆకలేస్తోందే. ఒకటి ఒలువు."

ఇన్ని పొత్తులున్న కొట్టులోంచి! మంచిది ఎంచి, ఆవిడ కళ్ల ముందే ఒలిచి, ఉడకబెట్టి, ఉప్పు రాసి ఇచ్చాను. సగం తిని ఆగింది. మిగతా సగాన్ని ఆకులో చుట్టి, తువ్వాలు కింద దాచుకుంది.

"వాడు పొద్దుట్నుంచి ఏం తినలేదే" అంది, నా మొహం చూడకుండా.

"అంత ఆకలైతే ఇక్కడికొచ్చి, వరసలో నిలబడి, నేను ఒలుస్తుంటే చూసి తినమనండి."

ఆవిడ తువ్వాలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. వచ్చిన దారినే గోడ పట్టుకుని వెళ్లింది.

బండి దగ్గర నుంచే ఆ గది వెనక కిటికీలోంచి చూశాను. ఆయన ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. అత్తగారు వెనక నుంచి వెళ్లి తువ్వాలు తీసింది. ఆయన జనం వైపు వీపు తిప్పి, గోడ మూలకి ఒదిగి, నా పొత్తు ఆబగా కొరికాడు. ఒక్క గింజ వదల్లేదు. బెండు కూడా చప్పరించాడు. నేను ఆ కిటికీలోంచి చూపు తిప్పుకోలేకపోయాను. తిన్నాక కుళాయి విప్పి మూతి కడుక్కున్నాడు. చొక్కా సర్దుకుని జనం వైపు తిరిగి, చాకు తీసుకుని, చెయ్యి పైకెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు.